తవుడూ చెక్కా: కొల్లేటి చెరువుల్లో చేపల మేత

చిన్న సముద్రపు చేపలను ఉడికించి, నూనె పిండి, ఆరబెట్టి మరపట్టిన చేపపొడికి బదులుగా మొక్కల మాంసకృత్తులతో చేపలను పెంచడం ఎలాగన్న వెతుకులాటకు, 1972లో ఎల్ నినో ధాటికి పెరూ తీరంలో ఆంకోవీ వేట కుప్పకూలడంతో కొత్త ఊపు వచ్చింది. నార్వే సాల్మన్ మేతలో 1990లో దాదాపు 90 శాతమున్న సముద్రపు ముడిసరుకులు 2013 నాటికి 30 శాతానికి దిగాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేటి సరస్సు చుట్టూ 1970ల చివరినుంచి విస్తరించిన చెరువుల్లో మాత్రం మేత మొదటినుంచీ ప్రధానంగా తవుడూ, గింజల నుంచి నూనె పిండగా మిగిలే చెక్కానే.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి కార్ప్ చేపలచేత గుడ్లు పెట్టించాక చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడే అవస్థ క్రమంగా తీరింది. చెరువుల్లోని చేపలను మేపడానికి వరి పండే డెల్టాలో చేతికందిన సరుకు మిల్లులో మిగిలే తవుడు. పచ్చి తవుడు అందులోని నూనెవల్ల త్వరగా కనరు వాసన కొడుతుంది గనుక, నూనె తీసిన తవుడు నిలవకు అనువైనదై, బస్తాలకొద్దీ చెరువుగట్లకు చేరింది. అందులో మాంసకృత్తులు 15 శాతానికి అటూఇటూగానే ఉండటంతో, అవి 40 శాతానికి పైబడిన వేరుశనగ చెక్కను, కొన్నిచోట్ల పత్తిగింజల చెక్కను రైతులు కలిపారు.

పొడిమేతను నీటిమీద చల్లితే కొంత గాలికి, కొంత బురదకు పోతుంది. అందుకని ప్లాస్టిక్ సంచుల అడుగున వరుసగా చిల్లులు పొడిచి, మేత నింపి, చెరువులో పాతిన వెదురుగడలకు వేలాడదీసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. కార్ప్ జాతులైన శీలావతి, బొచ్చె చేపలు ఆ చిల్లులకు మూతులానించి మేతను లాక్కుంటాయి. సంచిలో మిగిలినదాన్ని చూసి రైతు మరునాటి మేత తగ్గిస్తాడు. చేప ఆకలిని ఇంత సూటిగా కొలిచిన ఈ ఉపాయానికి మత్స్యశాస్త్ర చరిత్రలో దక్కవలసినంత గౌరవం దక్కలేదు.

అయితే ఆ చేపలను పెంచింది సంచిలోని మేత ఒక్కటే కాదు. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ అనే ఆవశ్యక అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ కొరతను పేడ, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేసిన నీటిలో పెరిగే ప్లవకాలు, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవులు, చాలావరకు తీర్చాయి. సముద్రంలో వలపంజరాల్లో పెరిగే మాంసాహారి సాల్మన్‌కు అలాంటి ఆసరా లేదు గనుకనే, సోయా పిండివల్ల దాని పేగుకు కలిగే వాపును దాటడానికి నార్వే పరిశోధకులు ఏళ్లతరబడి శ్రమించవలసి వచ్చింది. కొల్లేటి రైతుకు ఆ శ్రమ తప్పింది కానీ, ఎరువులు కలిసిన చెరువుల నీరు సరస్సులోకే చేరి గుర్రపుడెక్క పెరుగుదలకు తోడ్పడింది.