కోడంబాక్కం చందమామ, శ్రీహరికోట రాకెట్టు

చెన్నైలోని కోడంబాక్కం పరిసరాలు 1950, 60 దశకాలలో తెలుగు, తమిళ చలనచిత్రాలకు ఉమ్మడి పుట్టిల్లు. అక్కడికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట ఉన్నది. సరిహద్దు గ్రామాల వారికి ఈ రెండూ ఇరుగుపొరుగులే. అంతరిక్షం పట్ల మన అభిమానానికి ఈ రెండు చోట్లా మూలాలున్నాయి.

వెండితెరపై:
వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో రూపొందిన 'మాయాబజార్' 1957 మార్చిలో విడుదలైంది. అదే ఏడాది అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అంతవరకు మన ప్రేక్షకులకు ఆకాశమంటే పురాణలోకమే. 1963లో 'కలై అరసి' అనే తమిళ చిత్రం వచ్చింది. కళలు తెలియని అన్యగ్రహవాసులు భూమిపై నుండి ఒక గాయనిని ఎత్తుకొనిపోవడం అందులోని కథ. ఆ గాయనిగా నటించినది మన భానుమతి. అదే సంవత్సరం నవంబరు 21న కేరళలోని తుంబా నుండి దేశపు తొలి పరిశోధక రాకెట్టు ఎగిరింది. అయితే అది అమెరికాలో తయారైనది.

శ్రీహరికోటలో:
ఇక్కడి నుండి 1971 అక్టోబరు 9న తొలి చిన్న రాకెట్టును ప్రయోగించారు. అబ్దుల్ కలాం సారథ్యంలో నిర్మించిన ఎస్.ఎల్.వి.-3 1979 ఆగస్టు 10న విఫలమైంది. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. సినిమాలో కథానాయకుడు మూడు గంటలలో గెలుస్తాడు. ఈ గెలుపునకు పదకొండు నెలలు పట్టింది.

తరువాత సినిమాతోనే పోలిక వచ్చింది. సుమారు 450 కోట్ల రూపాయల మంగళయాన్ ఖర్చు హాలీవుడ్ చిత్రం 'గ్రావిటీ' ఖర్చుకన్నా తక్కువని 2014 జూన్‌లో ప్రధాని మోదీ శ్రీహరికోటలోనే అన్నారు. 2018లో తమిళంలో 'టిక్ టిక్ టిక్', తెలుగులో 'అంతరిక్షం' వెలువడ్డాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు ఆ ఆనందానికి భాషాభేదం లేకపోయింది.

మరువరాని మాట:
ఈ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిలోని యానాదులు అనేకులు తమ ఊళ్ళను వదులుకొన్నారు. ప్రయోగ సమయాలలో మత్స్యకారులు నేటికీ వేట మానుకొంటున్నారు. ప్రయోగాలను తిలకించేందుకు 2019 నుండి అక్కడ ప్రజలకు వీక్షణ స్థలం ఉన్నది. పిల్లలను తీసుకొనివెళ్ళే తల్లిదండ్రులు నింగికెగసే రాకెట్టును చూపడంతో ఆగక, 1979 నాటి వైఫల్యాన్ని, నేల విడిచిన ఆ యానాదులను గూర్చి కూడా చెప్పాలి. అప్పుడే దేశాభిమానం చప్పట్లకు పరిమితం కాక జ్ఞానంగా నిలుస్తుంది.