సస్సు, కేడీ, కొండమీది పొగ

కర్నూల్లో మా అన్న కొడుకు పై చదువులకు ఐర్లండ్ పోవాలని ఇంగ్లీషు పరీక్షకు కూచుంటున్నాడు. వాణ్ని ఏడిపిస్తున్నవి పెద్ద పెద్ద మాటలు కావు. అవుట్, అప్, ఆఫ్ అని తోకలు తగిలించుకున్న పొట్టి క్రియలు. మొన్న ఆదివారం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "చిన్నాయనా, ఈ సస్ అవుట్ అంటే ఏంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా వాడి తమ్ముడు, ఎనిమిదో తరగతి వాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే జవాబిచ్చాడు: "సస్ అంటే తెలీదా? తేడాగా ఉండేటోడు." అప్పుడే మా అమ్మ వంటింట్లోంచి నువ్వుండల డబ్బా పట్టుకుని వచ్చింది. అది సగం ఖాళీ. "తేడాగా ఉండేది నువ్వేరా. నీకంటే కేడీ ఎవడుండాడు?"

నాకు నవ్వాగలేదు. అవ్వ నోటి మాటా, మనవడి నోటి మాటా రెండూ పోలీసుల నోట నానినవే. ఒకటి లండన్‌లో, ఇంకొకటి మన మద్రాసు రాష్ట్రంలో.

ముందు మన కేడీ సంగతి. పాత మద్రాసు పోలీసు రికార్డుల్లో 'నోన్ డిప్రెడేటర్' అని ఒక తరగతి ఉండేది. దోపిడీలు చేస్తాడని స్టేషన్‌కు ముందే తెలిసినవాడన్న మాట. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? పొడి అక్షరాలు రెండూ మిగిలాయి: కే.డీ. రాత్రి గస్తీకి పోయే కానిస్టేబుల్ అలాంటి వాళ్ల తలుపు తట్టి, మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూసుకుని రావాలి. స్టేషన్ గడప దాటి ఊళ్లోకొచ్చిన కే.డీ. చుక్కలు రాల్చుకుని కేడీ అయింది. అటు తమిళంలోనూ పాతుకుపోయింది. సినిమా పేరైంది. చివరికి మనవడి మీద అవ్వ ముద్దుగా విసిరే తిట్టయింది.

సస్సు కథా ఇలాంటిదే. 'సస్పెక్ట్' అనే మాటను నరికితే మిగిలిన మొండెం అది. 1930ల నాటికే బ్రిటన్ పోలీసుల, దొంగల యాసలో అనుమానమనే అర్థంతో తిరిగింది. 1960ల్లో కుర్రకారు దానికి 'అవుట్' తోక కట్టి, ఆరా తీసి గుట్టు కనిపెట్టడానికి వాడుకున్నారు. దీనికి దన్నుగా ఒక పాత చట్టం ఉండేది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక వీధిన పడ్డ పేదల్ని అదుపు చేయడానికి 1824లో తెచ్చిన దేశదిమ్మరుల చట్టం. 'అనుమానితుడు' వీధిలో తచ్చాడుతున్నాడంటే చాలు, పట్టుకోవచ్చు. దానికి సస్ లా అని పేరు పడింది. నల్లజాతి కుర్రాళ్ల మీద విచ్చలవిడిగా వాడారు. 1981లో బ్రిక్స్‌టన్ భగ్గుమంది. ఆ ఏడే ఆ నిబంధన రద్దయింది. మాట మాత్రం చావలేదు. 2018లో వచ్చిన, ఒకరినొకరు అనుమానించుకునే 'అమాంగ్ అస్' అనే ఆట 2020 లాక్‌డౌన్‌లో పిల్లల చేతికి చిక్కడంతో కర్నూలు దాకా వచ్చింది.

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. లండన్‌లో కాగితం మీదైనా అనుమానం మనిషిని బట్టి. మన దగ్గర కాగితం మీదే పుట్టుకను బట్టి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఆ చట్టం కిందికి వచ్చిన మన ఎరుకల వాళ్ల బతుకు అంతకు ముందు ఏమిటి? ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును మెట్టసీమకు మోసుకొచ్చి, ఇక్కడి గింజలు అటు మోసేవాళ్లు. ఉప్పు ఎరుకల అనే పేరు అలా వచ్చిందే. రైలు దారి వాళ్ల దారిని తినేసింది. ఉప్పు పన్ను గొంతు నొక్కింది. 1876-78 ధాత కరువులో మోయడానికి గింజా లేదు, మోసే గొడ్డూ లేదు. వర్తకం పోయిన మనిషి ఊరి పొలిమేరలో గుడారం వేస్తే కచేరీ కంటికి అది వలస కాదు, తచ్చాట. ఇక పేరు నమోదు, వేలిముద్రలు, రాత్రి హాజరు. ఊరు దాటాలంటే చీటీ. కొందరిని బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లకు తరలించారు. పాలు తాగే బిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో మనిషి. స్వతంత్రం వచ్చాక, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది.

ఆ తర్వాతి కథ మన జిల్లాల్లో చెప్పనక్కర లేదు. రౌడీ షీటు, హిస్టరీ షీటు, ఎన్నికలొస్తే బైండోవరు. తహసీల్దారు ముందు నిలబడి పూచీకత్తు మీద సంతకం. జనం నోట నూట తొమ్మిది, నూట పది అని నలిగిన సెక్షన్లు 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో నూట ఇరవై ఎనిమిది, నూట ఇరవై తొమ్మిది అయ్యాయి. అంకెలు మారాయి, వరస మారలేదు.

కేడీ లాంటి మాటలు తగిలితే నాకు బ్రౌన్ దొర గుర్తొస్తాడు. 1820లో కడపకు వచ్చి, మన మాటలు నేర్చుకుని, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు వేరే నిఘంటువే కూర్చి 1854లో అచ్చు వేయించాడు. ఇవాళ ఉంటే కేడీకి ఓ పుట ఇచ్చేవాడు.

నాకు మహా ముచ్చటైనది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు సస్సు అనుమానంలో మొదలై తెలుసుకోవడం దాకా ఎక్కింది. మన 'అనుమానం' తెలుసుకోవడంలో మొదలై అనుమానంలోకి దిగింది! తర్కశాస్త్రంలో అనుమానమంటే ఆధారంతో సత్యాన్ని చేరే దారి. కొండమీద పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. కాబట్టి కొండమీద నిప్పుంది. పదిహేడో శతాబ్దంలో ఈ పాఠాన్ని దేశమంతటి పిల్లలకూ చెప్పిన తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆ మాటకు ఇవాళ మనం కట్టిన సామెత: అనుమానం పెనుభూతం. పొగ చూడకుండానే నిప్పంటించే పని అయిపోయింది. పోలీసు భాష కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

సస్ అవుట్‌కు సరైన తెలుగు మన దగ్గర ఉండనే ఉంది: పసిగట్టడం. పసి అంటే వాసన. కట్టు అనే తోక మనదీనూ. పెద్దవాడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

"అది సరే గానీ అవ్వా," అన్నాడు చిన్నోడు మూతి ముడుచుకుని, "నేనే తిన్నానని నీకెట్ల తెలుసు? నన్నే కేడీ అంటావు."

మా అమ్మ వాడి చొక్కా కాలరు మీద నుంచి ఒక నువ్వు గింజ తీసి, వాడి అరచేతిలో పెట్టింది.