మొనదేలిన చెవులు

స్పాక్‌ను తొలిసారి చూసినప్పుడు నా దృష్టి ఆ చెవులను దాటి పోలేదు. ఇందులో నా తప్పేమీ లేదు లెండి, ఎన్‌బీసీ వారిదీ ఇదే పరిస్థితి! 1966లో 'స్టార్ ట్రెక్' ప్రసారానికి ముందు తమ ప్రచార పుస్తకంలో స్పాక్ చెవుల మొనలను, పైకి లేచిన కనుబొమలను చెరిపి మామూలుగా దిద్ది అచ్చువేశారు. ఆ రూపం సైతానును తలపిస్తుందని వారి భయం. పాత్ర తెరమీదికి రాకముందే దానిని వెలివేయడం మొదలైందన్నమాట.

స్పాక్ తండ్రి వల్కన్, తల్లి మానవ స్త్రీ. నౌకలో వైద్యుడు మెకాయ్ అతని ఆకుపచ్చ రక్తాన్ని ఎగతాళి చేస్తూనే ఉంటాడు. ఆ పరిహాసంలో స్నేహం ఉన్నమాట నిజమే. కానీ 1966 డిసెంబరులో వచ్చిన 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'లో పరిహాసం లేదు. శత్రువులైన రోములన్ల ముఖాలు వల్కన్ల ముఖాలను పోలి ఉన్నాయని తెలియగానే స్టైల్స్ అనే అధికారి స్పాక్‌ను గూఢచారిగా అనుమానిస్తాడు. ముఖమే నేరానికి సాక్ష్యం! అదే కథలో నౌకను నడిపే సులూగా నటించిన జార్జ్ టకేయి, 1942లో అయిదేళ్ళ వయసున, జపాన్ సంతతివాడన్న ఒక్క కారణంతో కుటుంబంతోపాటు నిర్బంధ శిబిరానికి తరలింపబడ్డవాడు. ఆ దృశ్యాన్ని నేను ఇప్పుడు ఆ సంగతి మరచి చూడలేను.

వర్ణాంతర వివాహాలపై నిషేధం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 'లవింగ్' కేసులో తీర్పు చెప్పినది 1967 జూన్ 12న. నాటికింకా 16 రాష్ట్రాలలో ఆ నిషేధం అమలులో ఉంది. అయిదు నెలలు తిరిగాక, నవంబరులో, 'జర్నీ టు బేబెల్'లో స్పాక్ తల్లిదండ్రులు దంపతులుగా తెరమీదికి వచ్చారు. వల్కన్ పిల్లలు తన కొడుకును ఎంతగా హింసించేవారో తల్లి అమాండా చెబుతుంది. రెంటికీ చెడిన రేవడి అంటామే, అదీ అతని బాల్యం. తండ్రేమో పద్దెనిమిదేళ్ళుగా కొడుకుతో కొడుకుగా మాట్లాడలేదు.

ఈ పాత్రకు ప్రాణం పోసిన లెనార్డ్ నిమోయ్ (1931-2015) బోస్టన్‌లో, ఉక్రెయిన్ నుండి వలస వచ్చిన యూదు దంపతులకు పుట్టినవాడు. వేళ్ళను రెండేసిగా విడదీసే వల్కన్ నమస్కారం ఆయన చిన్ననాడు ప్రార్థనామందిరంలో, చూడకూడదన్నా దొంగచాటుగా చూసిన పురోహితుల ఆశీర్వాద ముద్రే. పరాయితనం ఆయనకు దర్శకులు నేర్పవలసిన పాఠం కాదు.

1968లో ఒక బాలిక స్పాక్‌కు, నిమోయ్‌కు కాదు స్పాక్‌కే, ఉత్తరం రాసింది. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి. తమలా లేదని అటువారూ ఇటువారూ దగ్గరకు రానివ్వడం లేదని దాని సారాంశం. నిమోయ్ ఒక యువజన పత్రికలో సుదీర్ఘంగా జవాబిచ్చాడు. అందరి మెప్పు పొందే ఉపాయం అందులో ఒక్కటీ లేదు. చిన్నారి స్పాక్ కూడా ఇలాగే ఒంటరిగా నిలబడ్డాడనీ, పదిమంది మెచ్చుకోలు వేరు, నిజమైన గొప్పతనం వేరని తెలుసుకున్నాడనీ ఆమెకు ఒక కథలా చెప్పాడు.