మంత్రసాని విద్య – తోడులేని కాన్పు

ఇంటివద్ద ప్రసవం చేయించే అనుభవజ్ఞురాలిని తెలుగునాట మంత్రసాని అంటారు. కన్నడంలో సూలగిత్తి, తమిళంలో మరుత్తువచ్చి, ఒరియాలో ధాయి, మరాఠీలో సుయీణ అనే మాటలు అదే పనిని సూచిస్తాయి. సరిహద్దు పల్లెలలో ఒకే కుటుంబంలోని రెండు తరాలు ఈమెను రెండు పేర్లతో పిలవడం కద్దు. మంత్రసాని చేతి మీద జరిగే కాన్పు వేరు, ఎవరూ తోడులేకుండా ఇంట జరిగే కాన్పు వేరు. ఈ రెంటినీ "ఇంటి కాన్పు" అనే ఒక్క మాట కింద చేర్చడం వలన చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

ఈ విద్యకు దేశమంతా ఎరిగిన ప్రతినిధి సూలగిత్తి నరసమ్మ. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనా, దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగమే ఉన్న పావగడ తాలూకాలోని కృష్ణాపుర ఆమె ఊరు. సంచార జాతి కుటుంబంలో పుట్టిన ఆమె మాతృభాష తెలుగు. చదువుకోలేదు. అవ్వ మరిగెమ్మ పక్కన కూర్చుని పని నేర్చి, 1940లో, ఇరవయ్యేళ్ళ ప్రాయంలో, బంధువుల ఇంట తొలి కాన్పు చేయించారు. ఆ తరువాత ఏడు దశాబ్దాలలో ఆమె చేతుల మీదుగా 15,000కు పైగా కాన్పులు జరిగాయని చెబుతారు. ప్రతిఫలం ఆశించలేదు. తాను పన్నెండుమందిని కని, నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటును, 2018లో కేంద్రప్రభుత్వం పద్మశ్రీని ఇచ్చాయి. ఆ ఏడే డిసెంబరు 25న కన్నుమూశారు.

కడుపు మీద చేయి వేసి బిడ్డ తల ఎటు ఉన్నదో చెప్పగలగడం ఆమెకు పేరు తెచ్చిన నేర్పు. దీనిని చేతివాటపు జ్ఞానం అనవచ్చు. చెబితే వచ్చేది కాదు, చదివితే వచ్చేదీ కాదు. వందల కాన్పులు పక్కనుండి చూసి, పెద్దదాని కనుసన్నలలో తానే చేసి సంపాదించుకోవలసినది. నొప్పులలో చూలాలిని నడిపించడం, గొంతుకిలా కూర్చుండబెట్టడం, పక్కన అయినవారిని ఉంచడం, మాయ పడేదాకా బొడ్డుతాడు కోయకపోవడం ఈ విద్యలోని పద్ధతులు. ఆసుపత్రి మంచం వచ్చాక వీటిలో చాలావాటిని మోటు అని తీసివేశారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రసవ సూచనలలో నచ్చిన తోడు, నచ్చిన భంగిమ, నొప్పులలో కదిలే స్వేచ్ఛ ఉన్నాయి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలనీ ఆ సంస్థ చెబుతున్నది. నర్సులకే ప్రత్యేకంగా మంత్రసాని విద్యలో 18 నెలల శిక్షణ ఇచ్చే ప్రయత్నం 2017లో తెలంగాణలోని కరీంనగర్‌లో ఆరంభమైంది.

అయితే ఈ విద్యకు హద్దులున్నాయి. అవి దాచవలసినవి కావు. కాన్పు తరువాత ఆగని రక్తస్రావం రెండు గంటలలోనే ప్రాణం తీయగలదు. దానికి ఆక్సిటోసిన్ సూది, రక్తం కావాలి, చేతివాటం చాలదు. పల్లెలలో గుర్రపువాతం అని పిలిచే మూర్ఛలు రక్తపు పోటు చూడనిదే ముందుగా తెలియవు. బిడ్డ అడ్డం తిరిగితే శస్త్రచికిత్సే దారి. కొడవలితో తాడు కోయడం, బొడ్డుకు బూడిద, పేడ అద్దడం పసిబిడ్డలకు ధనుర్వాతం తెచ్చాయి. టీకాలు, శుభ్రమైన కాన్పుల ఫలితంగా 2015 నాటికి గాని దేశం దానిని అదుపు చేయలేదు. ముర్రుపాలు పిండి పారబోయించడం మరొక తప్పు. ఆసుపత్రి జ్ఞానమూ పుట్టుకతోనే శుద్ధమైనది కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు చేతులు కడుక్కోమనే దాకా, అక్కడ వైద్యుల విభాగంలో బాలింత జ్వరంతో పోయినవారు మంత్రసానుల విభాగంలో కంటే ఎక్కువ.

2018 జూలైలో తమిళనాడులోని తిరుప్పూరులో ఒక యువతి వీడియోలు చూసి ఇంట ప్రసవించబోయి అధిక రక్తస్రావంతో మరణించింది. నరసమ్మకు పద్మశ్రీ వచ్చిన ఏడే ఇది జరిగింది. "పూర్వం అందరూ ఇంట్లోనే కన్నారు గదా" అనే మాట ఇటువంటి సందర్భాలలో వినబడుతుంది. పూర్వం వారు ఒంటరిగా కనలేదు. వీడియోకు చేయి లేదు. నెత్తురు ఎంత పోయిందో అది చూడలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆసుపత్రి కాన్పులు 2005–06లో 38.7 శాతం, 2019–21 నాటికి 88.6 శాతం. దీనితో మంత్రసానుల తరం దాదాపు ముగిసింది. 

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. తొలిచూలు పురుడు పుట్టింట పోయడం ఆచారం. పుట్టిల్లు పొరుగు రాష్ట్రంలో ఉంటుంది. పరీక్షలన్నీ అత్తవారి ఊరిలో జరిగి, కాన్పు వేరొక చోట జరిగితే, నెత్తురు గుంపు, రక్తహీనత, పోటు వివరాలు తెలియని వైద్యుడి ముందుకు చూలాలు వస్తుంది. కాబట్టి ఏడో నెలలో బయలుదేరేటప్పుడు సారెతో పాటు తల్లీబిడ్డల కార్డు, స్కానింగు కాగితాలు వెంట ఉండాలి. 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌తో సహా ప్రసవం ఉచితం.

దారిలోనో ఇంటిలోనో కాన్పు ఆగకుండా వచ్చేస్తే 108కి ఫోను చేసి, బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీద ఆనించి కప్పాలి. తాడు లాగరాదు, కోయవలసిన తొందరా లేదు. పొట్ట నొక్కరాదు. అరగంటలో మాయ పడకున్నా, గుడ్డలు వరుసగా తడిసిపోతున్నా, కళ్ళు మసకబారి తలనొప్పి వచ్చినా క్షణం ఆలస్యం చేయరాదు.

జనన నమోదు బిడ్డ పుట్టిన చోటే జరుగుతుంది. తండ్రి ఊరిలో కాదు. 1969 నాటి చట్టం ప్రకారం గడువు 21 రోజులు. ఆసుపత్రిలో అయితే అక్కడివారే తెలియజేస్తారు. ఇంట పుట్టిన బిడ్డ విషయంలో ఆ బాధ్యత ఇంటి పెద్దది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలుకొని అనేక పనులకు పుట్టిన తేదీకి ఆధారం ఆ పత్రమే.