గ్రహణం మొర్రి నుంచి జర్మన్ తట్టు దాకా

పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మనవాళ్లు గ్రహణం మొర్రి అంటారు. తల్లి చూసినదీ జడిసినదీ కడుపులో బిడ్డకు తగులుతుందన్న నమ్మకం యూరప్‌లోనూ ఉండేది. పిండం ఎలా రూపుదిద్దుకుంటుందో తెలుసుకోవడానికి అరిస్టాటిల్ కోడిగుడ్లు పగలగొట్టి చూడటం, 1759లో శాస్త్రవేత్త వోల్ఫ్ అవయవాలు క్రమంగా ఏర్పడతాయని వాదించడం తెలిసిన కథే. తర్వాతి భాగమే పుస్తకాల్లో పలచన. మాయ (ప్లసెంటా) బిడ్డకు కోటగోడ అనుకునేవారనీ, 1961లో గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు దాన్ని కూల్చిందనీ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ గోడ 20 ఏళ్ల ముందే బీటవారింది.

1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ దగ్గరికి పుట్టు శుక్లాలున్న పసివాళ్లు వరసగా వచ్చారు. తల్లులు తమలో తాము మాట్లాడుకుంటుంటే విన్నాడంటారు. ఆ ముచ్చట ఎంత నిజమో గానీ, తల్లులు చెప్పింది లెక్కలోకి తీసుకున్నాడన్నది మాత్రం నిజం. తోటి వైద్యుల కేసులతో కలిపి 78 మంది బిడ్డలు. అందులో 68 మంది తల్లులకు గర్భంతో ఉండగా, ఎక్కువగా తొలి నెలల్లో, జర్మన్ తట్టు (రుబెల్లా) వచ్చింది. ఇది రుజువు కాదని 1944లో లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. జబ్బుబిడ్డను కన్న తల్లి గతమంతా తవ్వుకుంటుంది; జబ్బు సోకినా ఆరోగ్యమైన బిడ్డను కన్న తల్లి ఈ లెక్కకే రాదు. 1951లో గణాంకవేత్త లాంకాస్టర్ జనగణన అంకెలతో చెవిటితనాన్ని అంటువ్యాధులకు ముడిపెట్టాకే సందేహం సడలింది.

అయినా ఆలస్యానికి అంకెల కొరత ఒక్కటే కారణం కాదు. మూఢనమ్మకాన్ని ఊడ్చిన ఊపులో వైద్యం తల్లి సాక్ష్యాన్నీ ఊడ్చేసిందని నా అనుమానం. నిజానికి జంతువుల్లో ఆధారం అప్పటికే ఉంది: 1933లోనే టెక్సస్‌లో ఫ్రెడ్ హేల్ విటమిన్ ఎ లేని మేత పెట్టిన పంది, కళ్లు లేని 11 పిల్లలను ఈనింది. హాని ఏ ఘడియలో తగిలిందన్నదే ముఖ్యమని 1921లో స్టాకార్డ్ చేపపిండాలతో చూపాడు. మనోవికాస శాస్త్రం ‘కీలక దశ’ అంటున్న భావనకు ఒక వేరు అక్కడుంది.

రుబెల్లా టీకా 1969లో వచ్చింది. మన ప్రభుత్వం దాన్ని పిల్లలందరికీ వేయడం మొదలుపెట్టింది 2017లో. ఆలస్యం వెనక ఉన్న, అరకొరగా వేస్తే జబ్బు పెళ్లీడుకు జరుగుతుందన్న జంకు సబబే. కానీ స్తోమతున్నవాళ్లు ప్రైవేటుగా వేయించుకుంటూనే ఉన్నారు. అరకొర ఎప్పుడో మొదలైంది.

ఇప్పుడేమో అభిమన్యుణ్ని సాక్షిగా నిలబెట్టి గర్భ సంస్కార తరగతులు అమ్ముతున్నారు. పుట్టిన మూడు రోజుల్లోపే బిడ్డ తల్లి గొంతును ఇష్టపడుతుందని పరిశోధకులు డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపిన మాట నిజమే. గొంతు ఆనవాలు పట్టడం వేరు, పద్మవ్యూహం నేర్వడం వేరు. పైగా ఆ తరగతులు చాలావరకు నెల తప్పాక మొదలవుతాయి. రుబెల్లా టీకా అంతకుముందే పడాలి. నెల తప్పాక వేయరు.