ఆటిజం, మానసిక రుగ్మత: తేలని నిర్ధారణ

ఆటిజం పరీక్షలో ఉందనీ లేదనీ తేలకపోగా, అదే మనిషికి స్కిజోఫ్రెనియా, ఓసీడీ, ఏడీహెచ్‌డీ వంటి మరో నిర్ధారణ కూడా ఉండే స్థితి ఇది. పెద్దయ్యాక మొదటిసారి పరీక్షకు వచ్చేవారిలో ఎక్కువ. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైనా, అక్కడివారికి ఇలాంటి చిక్కులకు దగ్గరి పెద్ద ప్రభుత్వ సంస్థ విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాలే.

ఆటిజాన్ని విడిగా గుర్తించిన పేరు మనోవైద్యుడు లియో కానర్‌కు (1943) దక్కింది. సోవియట్ మనోవైద్యురాలు గ్రున్యా సుఖరేవా దాదాపు రెండు దశాబ్దాల ముందే ఇలాంటి పిల్లల గురించి రాశారు. రష్యన్ ప్రచురణను బట్టి 1925, జర్మన్ ప్రచురణను బట్టి 1926 అంటారు. ఆమె మాత్రం దాన్ని స్కిజాయిడ్ సైకోపతి అన్నారు. అంటే ఈ గజిబిజి మొదటినుంచీ ఉన్నదే. అమెరికన్ మానసిక రుగ్మతల వర్గీకరణ (డీఎస్ఎం)లో ఆటిజం బాల్య స్కిజోఫ్రెనియా నుంచి విడిపడింది 1980లో, డీఎస్ఎం-3తో. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకరికే రాసే వీలు 2013లో డీఎస్ఎం-5తో వచ్చింది. కాబట్టి పాత ఫైలులో ఒకే నిర్ధారణ ఉంటే, ముందు ఆ కాగితం తేదీ చూడాలి.

మన దేశంలో వాడే ఐఎస్ఏఏ కొలమానంలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లేదా అంతకు మించితే ఆటిజం వైపు మొగ్గు. అయితే చూపు కలపకపోవడం, ముఖంలో భావం పలకకపోవడం, ముక్తసరిగా మాట్లాడడం దీర్ఘకాల స్కిజోఫ్రెనియాలోనూ ఉంటాయి. మందుల మత్తువల్లా రావచ్చు. తప్పు రెండోవైపు నుంచి కూడా జరుగుతుంది. "ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయా?" అని డాక్టరు అడిగితే, ప్రశ్నను ఉన్నదున్నట్టు తీసుకునే ఆటిజం వ్యక్తి "వినిపిస్తాయి" అనవచ్చు. ఎవరివని మళ్ళీ అడిగితేనే "పక్కింటి టీవీలో" అని బయటపడుతుంది. ఆ రెండో ప్రశ్న పడకపోతే కేసుషీటులో భ్రాంతి అని చేరిపోతుంది. ఓసీడీలో పదేపదే చేసే పని మనిషిని సాధారణంగా వేధిస్తుంది. ఆటిజంలో చాలాసార్లు ఊరటనిస్తుంది. ఈ గీత అన్నిచోట్లా స్పష్టంగా ఉండదు.

మార్కులకే పెద్దపీట వేసేవారు కొందరు, బాల్య చరిత్రకు వేసేవారు కొందరు. రెండో పద్ధతే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఆటిజం లక్షణాలు చిన్ననాడే మొదలవ్వాలన్నది నిర్ధారణ నియమం, స్కిజోఫ్రెనియా సాధారణంగా యౌవనంలో బయటపడుతుంది. అమ్మమ్మ జ్ఞాపకం, అంగన్‌వాడీ టీచరు మాట, పాత పెళ్ళి వీడియో పనికొస్తాయి. "మాట ఆలస్యం, వాడి లోకం వాడిది" అని ఇంట్లో అనుకున్నది కూడా సమాచారమే, దిష్టి అని సర్దుకున్నా సరే. రుగ్మత తీవ్రంగా ఉన్నప్పుడు పెట్టిన పరీక్షను, అది నెమ్మదించాక మళ్ళీ చేయడం మేలు. ముందే ఆటిజం ఉన్నవారికి స్కిజోఫ్రెనియా కూడా రాయాలంటే, మిగతా లక్షణాలతోపాటు ప్రస్ఫుటమైన భ్రమలో భ్రాంతులో కనీసం ఒక నెల ఉండాలని డీఎస్ఎం-5 షరతు (చికిత్సతో త్వరగా తగ్గితే మినహాయింపు).

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మానసిక రుగ్మత వేర్వేరు. రెండోదాన్ని కొలిచేది ఐడియాస్ అనే మరో కొలమానం. ఒకే వ్యక్తికి రెండు వైకల్యాలుంటే శాతాలను నేరుగా కూడరు. పెద్దదాన్ని అ, చిన్నదాన్ని ఆ అనుకుంటే, అ + ఆ × (90 − అ) ÷ 90 అన్న సూత్రం వాడతారు.