పడవబండి వెనుక దీపములు

నీటికొరకు పుట్టిన పడవను చక్రములపైకెక్కించి, మోటారుకారు వెనుక తగిలించి, వందల మైళ్ల నేల దాటించి మరల నీటిలో దింపు ఆచారము అమెరికా సంయుక్త రాష్ట్రములలో సామాన్య సంసారికి అందుబాటులోనికి వచ్చుటకు కొన్ని దశాబ్దముల కాలము పట్టినది. నార్వే దేశమునుండి బాల్యముననే వలసవచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరమున, పడవ వెనుక అంచునకు బిగించి, పని తీరిన పిమ్మట ఊడదీసి మోసికొనిపోదగిన మోటారును విక్రయమునకు పెట్టెను. అది లేనిదే చిన్న పడవకు ఇంతటి వ్యాప్తి కలిగియుండెడిది కాదు. పిదప నదులపై ఆనకట్టలు లేచినవి. 1935లో నెలకొన్న హూవర్ ఆనకట్ట వెనుక మీడ్ సరస్సు, 1936 నాటి నారిస్ ఆనకట్ట వెనుక టెనెసీ లోయలో మరియొక జలాశయము, 1944 నాటి డెనిసన్ ఆనకట్ట వెనుక టెక్సాస్, ఓక్లహామా రాష్ట్రముల సరిహద్దున టెక్సోమా సరస్సు, సముద్రమును కంట చూడని పల్లెల ముంగిటికి సైతము అలలను తెచ్చినవి. యుద్ధానంతరమున ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చినవి. 1956 నాటి శాసనముతో దేశమంతట విశాలమైన రహదారుల నిర్మాణము ఊపందుకొన్నది. పడవ రేవును విడిచి, ఇంటి పెరటిలో ట్రెయిలరుపై నిలిచినది.

రహదారి ఎక్కిన బండికి వెనుక దీపములుండి తీరవలెను. పడవబండి దీపముల చరిత్ర యావత్తు ఈ నియమమునకును, దానిని నెరవేర్చుటలో నిర్మాతలు పాటించిన పొదుపునకును మధ్య నడిచినదని నా అభిప్రాయము. 1939లో బ్యూయిక్ కార్ల వెనుక, మలుపు తిరుగు దిక్కును మిణుకుతో తెలుపు దీపములు వెలసినవి. అమెరికాలో బ్రేకును తెలుపు ఎర్రదీపమే మలుపును కూడ తెలుపు పద్ధతి స్థిరపడుటచే, ట్రెయిలరునకు మూడే తీగలతో విద్యుత్తు పంపిన చాలునను సౌకర్యమేర్పడినది: రెండువైపుల వెనుక దీపములకు గోధుమరంగు తీగ, ఎడమ మలుపునకు పసుపు, కుడికి ఆకుపచ్చ. వచ్చిన విద్యుత్తు మరల బ్యాటరీని చేరుటకు నాలుగవది, తెల్లది. మెకానిక్కులు ఎర్త్ అనునది ఇదియే. ఈ నాలుగింటిని చేర్చు బల్లపరుపు ప్లగ్గు నిర్మాణమున ఒక నేర్పు గమనింపదగియున్నది. కారువైపు భాగమున విద్యుత్తు గల మూడు కొనలును రబ్బరులో దాగియుండును, ఎర్త్ మొనయొక్కటే బయటికుండును. ట్రెయిలరువైపు దీనికి తలక్రిందులు. బండిని విప్పినవేళ కారు ప్లగ్గు ఏ ఇనుమునకు తగిలినను ఫ్యూజు పోదు.

ఇంత ఆలోచించినవారు ఆ తెల్లతీగయెడ చూపిన అశ్రద్ధ ఆశ్చర్యము గొల్పును. పూర్వపు ట్రెయిలరులలో పెక్కింట ఆ తీగ దీపములవరకు సాగెడిది కాదు. బండి ముందుకొసనొక మరచుట్టుకు బిగింపబడి అంతటితో ఆగెడిది. అచ్చటినుండి దీపమువరకు ఇనుప చట్రమే తీగ, దీపమును పట్టియుంచు బోల్టే ముడి. మరికొన్నింట ఆ తీగయే లేక, కారు వెనుక ట్రెయిలరును తగిలించు, గ్రీజు పూసిన ఇనుపగుండు తాకిడినే నమ్ముకొనుట కలదు. పొడినేలపై తిరుగు సామాను బండికి ఇది కొంతకాలము చెల్లవచ్చును. నీట మునిగి లేచు బండికి, చట్రపు అతుకులు తుప్పుపట్టి, బోల్టు క్రింద రంగు పొరలు ఉబ్బి, విద్యుత్తు తిరిగిపోవు దారి నానాటికి మూసుకొనిపోవును. 1950ల నడుమవరకు కార్లలో పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీలే యుండుటచే, ఒక్క వోల్టు త్రోవలో నశించినను దీపము కొడిగట్టెడిది.

ఈ లోపము బయటపడు విధమే యజమానులను దశాబ్దములపాటు తికమకపెట్టినది. ఎడమ మలుపు వేయగా రెండువైపుల దీపములును మసకగా మిణుకుమనును. రాత్రి దీపములు వెలుగుచుండగా బ్రేకు త్రొక్కినచో, వెలుగు హెచ్చుటకు మారుగా అన్నియు ఒక్కసారి ఆరిపోవును. బల్బులు మార్చినను ఫలముండదు. తెల్లదారి మూసుకొనిపోగా, ఎడమ బల్బులోనికి వచ్చిన విద్యుత్తు చట్రమున నిలువలేక, కుడి బల్బు తంతువుగుండ వెనుకకు పోయి ఆకుపచ్చ తీగ వెంట కారు దీపములను చేరి అచ్చట ఎర్త్ వెదకికొనును. అందుచేతనే రెండును మసకవెలుగు. రాత్రి దీపములతోపాటు బ్రేకు కూడ త్రొక్కినపుడు మూడు తీగలును ఒకే వోల్టేజిలో నుండును గనుక, ఒకదానినుండి మరియొకదానికి పారవలసిన హేతువే లేక అంధకారము. దీనిని కనిపెట్టు ఉపాయము అతి సులభము: కారు బ్యాటరీ ఋణధ్రువమునుండి ఒక పొడుగు తీగ తెచ్చి దీపపు లోహపు ఒరకు తాకించవలెను. తాకించినంతనే దీపము నిండుగా వెలిగినచో బల్బు నిర్దోషి, దోషమంతయు తిరుగుదారిదే.

నీరు చేసిన చేటు మరియొకటి కలదు. పడవను దింపునపుడు చోదకుడు బండిని వెనుకకు నడుపుచు మాటిమాటికి బ్రేకు త్రొక్కును. కాలుచున్న బల్బు చల్లని నీటిలో మునుగును. గాజు పగులవచ్చును, పగులకున్నను ఒరలోని వేడిగాలి కుదించుకొని, రబ్బరు అంచుల సందులనుండి నీటిని లోనికి పీల్చుకొనును. అందువలన నీటి అంచున ఆగి, ప్లగ్గు పీకి, పిమ్మట పడవను దింపుట రేవులలో ఆచారమైనది. కొందరు నిర్మాతలు పైభాగము, ప్రక్కలు మూసి, అడుగు మాత్రము తెరచిన ఒరలను చేసిరి. నీటిలో బోర్లించిన చెంబులో గాలి నిలుచునట్లు, అందలి గాలి బల్బు చుట్టు నిలిచి తడిని దూరముగా నుంచును. బ్రిటనులోనో, దీపములన్నియు బిగించిన పలకను పడవ వెనుకకు వ్రేలాడదీసి, రేవు చేరగానే తీసివేయు సంప్రదాయము వ్యాపించినది. నీటికిని దీపమునకును పొత్తే లేకుండ చేసిన ఈ పద్ధతి నా దృష్టిలో అన్నింటికంటె బుద్ధిమంతమైనది.

ఉప్పునీటి సంగతి వేరు. తీగపై తొడుగు చెక్కుచెదరకున్నను, కొనవద్ద దూరిన ఉప్పునీరు సన్నని రాగిపోగుల నడుమ ప్రాకి, చాలదూరమువరకు పచ్చని చిలుము పట్టించును. కోసి చూచినగాని రాగి నల్లబడి పొడియైనదని తెలియదు. కళాయి పూసిన రాగితీగలు, లోపల జిగురు గల ముడుచుకొనిపోవు గొట్టములు దీనికి మందు.

1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన వాహనభద్రతా శాసనమును అనుసరించి వెలువడిన 108వ ప్రమాణము 1968 నుండి అమలులోనికి వచ్చెను. 80 అంగుళములు, అంతకు మించిన వెడల్పు గల ట్రెయిలరులకు వెనుక నడుమ మూడు ఎర్రదీపముల వరుసను విధించిన ఆ ప్రమాణమే, పడవబండ్ల ఆకృతిని గుర్తించి, ముందు వెనుకల బండి వెడల్పును తెలుపు దీపములకు మారుగా ఇరుప్రక్కల నడుమ ఒక్కొక్కటి, ముందుకు పసుపు, వెనుకకు ఎరుపు చూపు దీపమును అనుమతించినది.

1962లో నిక్ హోలోన్యాక్ సృజించిన ఎర్రని ఎల్‌ఈడీ పిమ్మట ట్రెయిలరుల నెక్కినది. దానికి తంతువు లేదు, ప్లాస్టిక్ ముద్దలో పూర్తిగా మూయవచ్చును, నీటికి జంకదు. కాని విద్యుత్తును ఒక దిశనే పోనిచ్చు స్వభావము గలది గనుక, ఎర్త్ చెడినపుడు పాత బల్బులు మసకవెలుగుతో చేసిన హెచ్చరిక ఇది చేయక, మౌనముగా ఆరియుండును. అమెరికాలో నివసించుచు, పడవబండి గలిగిన తెలుగు సోదరులకు నేను చేయు మనవి ఇది: దీపములు ఎంత క్రొత్తవైనను చట్రమును నమ్మక, ఒక్కొక్క దీపమునుండి ప్లగ్గువరకు వేరు తెల్లతీగను వేయించుకొనుడు.